మా ఆయన చెవులు

మా ఆయన చెవులు పల్చటివి. మనిషి చామనచాయే అయినా చెవులు మాత్రం ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టు లేతగా ఉండేవి. కిటికీకి అడ్డంగా నిలబడితే వాటిలోంచి వెలుతురు కనిపించేది. కోపం వస్తే ముందు అవే ఎర్రబడేవి. మొహం మారకముందే, గొంతు లేవకముందే, అంచుల దగ్గర మొదలైన ఎరుపు మెల్లగా తమ్మెల దాకా దిగేది. పెళ్లయిన కొత్తలో నాకది మంచి కాలక్షేపం. ఆ ఎండాకాలం నుంచి మాత్రం వాటివైపు చూసి నేను నవ్వలేదు.

ఆయనా, నేనూ, నా చెల్లెలూ ముగ్గురం ఒకే చోట పనిచేసేవాళ్లం. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు గుట్టలుగా వచ్చి పడే పెద్ద లాండ్రీ అది. కింద హాల్లో ఒకవైపు ఉతికే మిషన్లు, ఇంకోవైపు ఇస్త్రీ రోలర్లు. రోలరంటే గోడ పొడవునా పడుకోబెట్టిన ఇనుప పీపా. దాని కడుపులో బాయిలరు నుంచి వచ్చే ఆవిరి తిరుగుతుంటుంది. ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని చెరో కొస పట్టుకుని ఇటువైపు అందిస్తే, అటువైపు పొడిగా, ముడత లేకుండా బయటికి వస్తుంది. ఆ హాలుకి మా ఆయన సూపర్‌వైజరు. నా చెల్లెలు రోలరు ముందు నిలబడి దుప్పట్లు అందించేది. నేను మేడమీది గదిలో చిరుగులకి అతుకులు వేసేదాన్ని. చెల్లెలు మా ఇంట్లోనే ఉండేది. దాని నోటికి తాళం లేదు. ఆ నోటికి మొదటి బలి ఎప్పుడూ వాళ్ల బావే.

హాల్లో ఆయనకి కుంపటి అని పేరు. ఎదురుగా ఎవరూ అనేవాళ్లు కాదుగానీ, ఆ సంగతి ఆయనకీ తెలుసు. మంచి ఎండలో రోలర్ల దగ్గర నిలబడితే ఊపిరి కూడా వేడిగానే లోపలికి పోతుంది. గోడ మీద వేడిని చూపించే యంత్రం ఒకటి ఉండేది. దాని ముల్లు ఏ కాలంలోనో ఒకచోట ఆగిపోయి, మళ్లీ కదిలిన పాపాన పోలేదు. కాబట్టి ఎప్పుడు ఆపాలన్నది ఏ రూల్లోనూ లేదు. ఉన్నట్టుండి మా ఆయన "ఆపండి!" అని హాలు దద్దరిల్లేలా అరుస్తూ, రోలర్లని ఆపడానికి పక్కన వేలాడే ఎర్రతాడు లాగేసేవాడు. అందరూ పెరట్లో నీళ్లట్యాంకు నీడకి పరిగెత్తేవాళ్లు. మధ్యలో చిక్కుకున్న దుప్పటి మాడిపోయేది. పాత మేనేజరు లబోదిబోమంటూ వచ్చేవాడు. మా ఆయన మేనేజరు మీద కూడా అరిచేవాడు. "దుప్పటి మాడితే ఇంకోటి కొనుక్కోవచ్చు. వీళ్లు మాడితే ఎక్కడ కొనుక్కొస్తారండీ?" అనేవాడు. పాత మేనేజరు గొణుక్కుంటూ వెనక్కి పోయేవాడు.

ఆ తాడుని ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ముట్టుకోకూడదని ఎవరూ చెప్పలేదు, అవసరం రాలేదంతే. ఆడవాళ్లంతా ఆయన చెవులు చూస్తూ పనిచేసుకునేవాళ్లు.

"ఏమైనా కనిపిస్తోందా?" అని రోలరు అటువైపు నుంచి పెద్దక్క అడిగేది. హాల్లో అందరికంటే పాతమనిషి, మడతలు పెట్టే పని ఆమెది.

"అంచులొచ్చాయి. ఇంకో రెండు దుప్పట్లు, అంతే," అనేది మా చెల్లెలు. "ఇదిగో, పండాయి. చేతులు తుడుచుకోండి." అది ఆ మాట అనడం, మా ఆయన అరవడం ఒకదాని వెనక ఒకటి జరిగేవి. ఆయన అరుపు కంటే ముందే సగంమంది పెరటి తలుపు దగ్గర ఉండేవాళ్లు.

హాలుకి అదంతా బాగానే ఉండేది. ఇంట్లో నాకు తెలుసు దాని సంగతి. హాల్లో మిగిలిన అరుపులు ఆయన ఇంటికి తెచ్చుకునేవాడు. చెంబు కనిపించకపోతే అరుపు, కరెంటు పోతే అరుపు. ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒకరోజు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. డాక్టరు చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, నా వైపు తిరిగాడు. "ఇలాగే అరుస్తూ ఉంటే అమ్మా, ఏదో ఒకరోజు అరుపు మధ్యలోనే పోతాడు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన చెవులు ఎర్రబడ్డప్పుడల్లా నాకు నవ్వు బదులు వణుకు వచ్చేది.

ఎండాకాలం మొదట్లో పాత మేనేజరు రిటైరై కొత్తాయన వచ్చాడు. మనిషి సన్నం, మాట మెత్తన. నవ్వుతూ గొంతు కోసే రకమని చెల్లెలు మొదటిరోజే తేల్చేసింది. ఆయన వస్తూ వస్తూ ఇంకో పెద్ద ఆసుపత్రి పని కూడా తెచ్చాడు. వచ్చిన వారంలోనే మా ఆయన్ని గదిలోకి పిలిచి కుర్చీ వేయించి, టీ ఇప్పించి మాట్లాడాడట.

"మీరంటే నాకు గౌరవమండీ. కానీ మీ అరుపులు గేటు దాకా వినిపిస్తున్నాయి. నలుగురిని నడిపించేవాడు ముందు తన ఒంటిని తాను అదుపులో పెట్టుకోవాలి కదా?"

ఆ మాట మా ఆయనకి ఎక్కడో తగిలింది. డాక్టరు చెప్పిందే ఈయనా చెప్పాడు, అదీ టీ ఇచ్చి మరీ. సూపర్‌వైజర్లందరికీ శిక్షణ ఇవ్వడానికి బయటినుంచి ఒక మాస్టారిని పిలిపించారు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, నెమ్మదైన మాట. చెల్లెలు ఆయనకి ఊపిరి మాస్టారని పేరు పెట్టింది. నేర్పేది కూడా ఊపిరి పీల్చుకోవడమే మరి. పాదాలు రెండూ నేలకి ఆనించాలి. చేతులు తొడల మీద పెట్టుకోవాలి. దవడ వదులు చేయాలి. మెల్లగా పీల్చి, ఇంకా మెల్లగా వదలాలి. ఒంట్లో ఎక్కడ బిగిసినా అక్కడికి మనసు పంపి, వదిలించుకోవాలి.

మా ఆయన పట్టుదల మనిషి. పొద్దున్నే ముందుగదిలో కుర్చీ వేసుకుని సాధన చేసేవాడు. ఎదురుగా చెల్లెలు జడ అల్లుకుంటూ నిలబడేది.

"బావా, దవడ వదులు చేయమన్నారుగానీ మరీ అంత నోరు తెరవమనలేదు. ఈగలు దూరతాయి."

ఇదివరకైతే ఆ కుర్చీ ఎగిరి వాకిట్లో పడేది. ఆయన మెల్లగా ఊపిరి వదిలి, కళ్లు తెరిచి నవ్వాడు. "నువ్వు కూడా నేర్చుకోవే, కాసేపైనా నోరు మూతపడుతుంది," అన్నాడు. నేను వంటింట్లోంచి బయటికి వచ్చి ఆయన మొహం వైపు వింతగా చూశాను. నా పెళ్లయిన ఇన్నాళ్లలో ఆ ఇంట్లో పొద్దుటిపూట మగమనిషి నవ్వు వినడం అదే మొదటిసారి.

దాస్తే ఏం లాభం, ఆ రోజులు నాకు పండగలాగే ఉన్నాయి. చెంబు కనిపించకపోతే తనే వెతుక్కునేవాడు. డాక్టరు మళ్లీ పట్టీ చుట్టి చూసి, "ఏం చేశారో గానీ, ఇలాగే చేయండి," అన్నాడు. ఆ ఊపిరి మాస్టారికి మనసులోనే చేతులెత్తి దండం పెట్టాను. నా మొగుడు బతుకుతాడని అప్పటికి నమ్మకం కుదిరింది.

కొత్త ఆసుపత్రి దుప్పట్లు రావడం మొదలయ్యాక హాల్లో పని రెండింతలైంది. ఎండలు కూడా అప్పుడే మండిపోతున్నాయి. నా గది నేల ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉండేది. కింద రోలర్లు తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. ఇదివరకు ఎండలో పూటకి రెండుమూడుసార్లయినా ఆ అదురు ఆగేది, వెంటనే మా ఆయన అరుపు పైకి వినిపించేది. ఇప్పుడు పొద్దున మొదలైన అదురు సాయంత్రం దాకా ఆగడం లేదు.

ఒకరోజు చిరిగిన దుప్పట్లు ఇవ్వడానికి పెద్దక్క పైకి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసానికి గుమ్మం దగ్గరే కూలబడింది.

"మీ ఆయనకేం మందు పెట్టావే తల్లీ? చెవులు పండటమే మానేశాయి."

"మంచిదే కదా పెద్దక్కా. బీపీ తగ్గింది."

"నీకు మంచిదే. మా పనే..." అని ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమో మరి. హాలు అంత వేడెక్కడం లేదేమో. నాకే వయసు మీదపడి ఓపిక తగ్గిందేమో. కుంపటే చల్లగా నిలబడ్డాడంటే మనం కూడా నిలబడగలమనే కదా?"

అందరూ అలాగే అనుకున్నారు. ఆయనేమీ అద్దాల గదిలో కూర్చునేవాడు కాదు. వాళ్లతోపాటే అదే ఆవిరిలో పొద్దస్తమానం నిలబడేవాడు. ఆయన చెవులు పండలేదంటే ఇంకా ఆపేంత వేడి రాలేదనే లెక్క. చెల్లెలు ఇంటికొచ్చి చెప్పులతోనే వాకిట్లో కూర్చుండిపోయేది. "ఈ ఏడు ఎండ తక్కువే అక్కా, బావ చెవులే సాక్ష్యం. నాకే ఎందుకో ఒళ్లు తేలిపోతోంది," అని నవ్వేది. రెండు చెంబుల నీళ్లు గటగటా తాగి అక్కడే నేల మీద వెనక్కి వాలిపోయేది.

నేను ఆయన్ని అడగకపోలేదు. "ఒక్కసారీ ఆపడం లేదట? ఆడపిల్లలు సోలిపోతున్నారు," అన్నాను.

"చూస్తూనే ఉన్నాను," అన్నాడు, చొక్కా మడతపెట్టుకుంటూ. "ఇదివరకు నాకు కంగారు ఎక్కువ. ఊరికే అరిచి ఆపేసేవాడిని. ఇప్పుడు అలా అనిపించినప్పుడు ముందు నన్ను నేను సర్దుకుంటున్నాను. సర్దుకున్నాక చూస్తే అంత అవసరం కనిపించడం లేదు."

ఆ మాటలు ఆయనవి కావు. మేనేజరు గదిలోంచి మడతపెట్టి తెచ్చుకున్నవి. నాకు ఒళ్లు మండిందిగానీ ఆయన మొహం ప్రశాంతంగా ఉంది, పక్కనే బీపీ మాత్రల సీసా ఉంది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నేను ఆపరేషన్ గదుల ఆకుపచ్చ దుప్పటికి అతుకు వేస్తున్నాను. కాళ్ల కింద నేల అదరడం ఆగింది. సూది పట్టుకుని అరుపు కోసం ఎదురుచూశాను. అరుపు రాలేదు. ఈయన అరవకుండానే ఆపడం నేర్చుకున్నాడే అనుకుని, నాలో నేనే మురిసిపోయాను కూడా. ఇంతలో మాడు వాసన వచ్చింది. దాని వెనకే ఎవరో నా చెల్లెల్ని పేరుపెట్టి పిలుస్తున్నారు, మళ్లీ మళ్లీ పిలుస్తున్నారు. అది బదులు పలకడం లేదు.

మెట్లు ఎలా దిగానో తెలీదు. చెల్లెలు రోలరు ముందు వెల్లకిలా పడి ఉంది. సగం లోపలికి పోయిన దుప్పటి పొగలు కక్కుతోంది. ఎర్రతాడు పెద్దక్క చేతిలో ఉంది. తనే లాగానని ఆమెకే తెలిసినట్టు లేదు, ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేశాను. చెమట చుక్క లేదు. ఒళ్లు పొడిగా, కాలిపోతూ ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయిగానీ నన్ను చూడటం లేదు.

మా ఆయన దాని పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. "తడి దుప్పట్లు తీసుకురండి. మీద కప్పండి. దారి వదలండి, గాలి తగలనివ్వండి. బాయిలరు తగ్గించమని చెప్పండి. బండి పిలిచారా?" ఒక్క మాటలోనూ తొట్రుపాటు లేదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ కాసేపట్లో ఆయన చేసినవన్నీ చేయాల్సినవే. మెట్ల మీద మేనేజరు నిలబడి చూస్తున్నాడు, తల మెల్లగా ఊపుతున్నాడు. నేను మా ఆయన చెవులు చూశాను. అవి మామూలు రంగులోనే ఉన్నాయి.

ఆసుపత్రిలో దాన్ని పడుకోబెట్టిన మంచం మీది దుప్పటి మేం ఉతికిందే. కాళ్లవైపు మూలలో నేను వేసిన అతుకు ఉంది. నా కుట్టు నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు? దాని మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను, అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

ప్రాణం దక్కిందన్నారు. కానీ లోపలి వేడి మెదడుకి ఎక్కిందట. కళ్లు తెరిచాక అది మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపితే, ఆ చెయ్యి గ్లాసు దాటి ఎక్కడికో పోయింది. నోరు తెరిచి "అక్కా" అనడానికి రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. నడక, మాట, చేతి పట్టు మెల్లగా కొంత రావచ్చు, అంతా రాదు అన్నాడు డాక్టరు. గలగలా మాట్లాడే పిల్ల. నేను వరండాలోకి వెళ్లి గోడకి తల ఆనించి ఏడ్చాను.

పెద్దక్క నా పక్కకి వచ్చి నిలబడింది. "చలేస్తోంది పెద్దక్కా అందే. అంత వేడిలో చలేమిటే అని నవ్వాను. బావ వైపు చూడు, ఏమైనా ఉందా అని అడిగాను. చూసింది. ఏం లేవు, మామూలుగానే ఉన్నాయి, ఇంకో నాలుగు తోసేద్దాం అంది. నేనూ చూశాను. మేమంతా చూశాం."

ఇన్నేళ్లూ ఆ చెవులు హాలు వేడిని చెబుతున్నాయని అందరం నమ్మాం. అవి చెప్పింది వేడి సంగతి కాదు. హాల్లో వాళ్లని ఆ వేడిలో చూసి ఆయనకి వచ్చే కోపం సంగతి. ఆయన కోపం తగ్గించుకున్నాడు, వేడి ఎక్కడికీ పోలేదు. ఇంత చిన్న తేడా అంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు.

ఊపిరి మాస్టారు ఆసుపత్రికి వచ్చాడు. తెల్లచొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. వరండా బల్ల మీద నా పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నా పాఠంలో రెండు భాగాలుంటాయమ్మా," అన్నాడు. "ముందు ఒళ్లు చెప్పేది వినాలి. గుండె ఎందుకు కొట్టుకుంటోంది, కడుపు ఎందుకు బిగుసుకుంది, ఎదురుగా ఏం జరుగుతోంది అని. అది విన్నాకే తగ్గించుకోవడం. మీ మేనేజరుగారు ఈ సీజన్లో తీరిక లేదు, తగ్గించుకోవడం ఒక్కటీ నేర్పండి చాలు, వినడం తర్వాత చూద్దాం అన్నారు."

"మీరు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాను."

"ఒప్పుకునేటప్పుడు మీ ఒంట్లో ఎక్కడా ఏమీ అనిపించలేదా మాస్టారూ?"

ఆయన లేచి, లోపలికి వెళ్లి చెల్లెల్ని చూడకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బట్టలు తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరికో జరిగిన సంగతిలా చెప్పాడు.

"ఆ పూట నాకు తెలిసింది."

నేను బట్టలు సర్దడం ఆపాను.

"పొద్దుటినుంచే కడుపులో ముడి పడ్డట్టుంది. మధ్యాహ్నానికి గుండె దడదడ. నీ చెల్లెలు దుప్పటి అందించేటప్పుడు చూశాను, దాని చేతులకి కొస దొరకడం లేదు. గొంతు దాకా వచ్చింది, అరుపు. పక్కకి వెళ్లి గోడ దగ్గర నిలబడి, పాదాలు ఆనించి, ఊపిరి సర్దుకున్నాను. పోయింది. మాస్టారు చెప్పినట్టే, పూర్తిగా పోయింది."

ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు. "విచారణకి పిలుస్తారు కదా," అన్నాను. "నాకు చెప్పింది అక్కడ చెప్పండి. మీకు తెలిసిందని, ఆపాలనిపించిందని, ఆపకుండా ఉండటం మీకు నేర్పించారని చెప్పండి. మీరు చెబితేనే హాల్లో ఆపే వేళలు పెడతారు. చెల్లెలి వైద్యం కూడా వాళ్ల బాధ్యతవుతుంది. మీరు చెప్పకపోతే ఇది దాని ఒంటి జబ్బు కింద పోతుంది."

"చూస్తాను," అన్నాడు.

"చూస్తాను కాదండీ. చెప్పండి."

"కంగారు పడకు. చెబుతాలే."

విచారణ మేనేజరు గదిలో జరిగింది. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. బాధితురాలి తరఫు మనిషినని నన్ను గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టారు. తలుపు బయట హాలు ఆడవాళ్లంతా నిలబడ్డారు. లోపలికి వెళ్లేముందు పెద్దక్క నా చెయ్యి నొక్కి, "మాకేం భయం లేదులే. వాడి గొంతు ఒక్కసారి లేస్తే ఈ గది కప్పు లేచిపోదూ?" అంది. ఆమె నిజంగానే నమ్మింది. తలుపు సందులోంచి అందరి చూపూ ఒకే చోట ఉంది, వాళ్లు ఎప్పుడూ చూసే చోటే.

మా ఆయన వచ్చి కూర్చున్నాడు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. పాదాలు రెండూ నేలకి ఆనించాడు. చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. దవడ వదులైంది. ఆయన నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది.

"రోలరు ఆపమని ఎవరైనా అడిగారా?" అన్నాడు అధికారి.

"లేదండీ. ఎవరూ అడగలేదు."

అది నిజమే. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అడిగే అవసరం లేకుండా చేసిన మనిషే ఆ మాట చెబుతున్నాడు.

"మీరు కూడా అక్కడే ఉన్నారు కదా. ఆపాల్సిన పరిస్థితి అని మీకేమైనా అనిపించిందా?"

మేనేజరు బల్ల మీద పెన్ను సర్దుతున్నాడు. మా ఆయన ఒక్కసారి పీల్చుకున్నాడు. చొక్కా గుండీల మధ్య గుడ్డ మెల్లగా లేచి, మెల్లగా దిగింది.

"అనిపించలేదండీ," అన్నాడు.

తలుపు బయట ఎవరో చెంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకున్న చప్పుడైంది. అధికారి రాసుకుని, తలెత్తి, "మీరు చాలా నిబ్బరంగా ఉన్నారు. ఇలాంటివాళ్లు అరుదు," అన్నాడు. మేనేజరు చిన్నగా నవ్వి తల ఊపాడు. నేను లేచి నిలబడి, "అబద్ధం," అన్నాను. "నాకు ఇంట్లో చెప్పాడు." నా గొంతు చీలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. అధికారి నావైపు జాలిగా చూసి, ఆమెకి మంచినీళ్లు ఇవ్వండి అన్నాడు. వణికే మనిషి మాట, వణకని మనిషి మాట పక్కపక్కన పెడితే ఎవరి మాట నిలబడుతుందో ఆ గదిలో చూశాను.

బయటికి వస్తే పెద్దక్క మా ఆయనకి అడ్డంగా నిలబడింది. తిట్టలేదు. కింది నుంచి పైకి ఒకసారి చూసి, "నువ్వు కుంపటివి కాదురా. నువ్వు చల్లారి చాలాకాలమైంది, మేమే చూసుకోలేదు," అని పక్కకి తప్పుకుంది. ఆయన ఆమెకి నమస్కారం పెట్టి ముందుకి నడిచాడు. ఆ మర్నాడు నేను అతుకుల గదికి వెళ్లలేదు, మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.

తీర్పు మేం అనుకున్నట్టే వచ్చింది. మనిషికి ముందునుంచే నీరసం ఉందట. యంత్రాల తప్పు గానీ, మనుషుల తప్పు గానీ లేదట. హాల్లో గోడ మీది యంత్రం మార్చి కొత్తది పెట్టారు. అందులో ముల్లు ఎక్కడ ఉంటే ఆపాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దక్క తాడు లాగడం నేర్చుకుందని, లాగిన రెండోసారే ఆమెని మడతల నుంచి మార్చి మురికిబట్టలు విడదీసే చోట వేశారని తర్వాత తెలిసింది.

ఎండలు విరిగి మొదటి వాన పడిన రోజు మా ఆయన పెందలాడే ఇంటికి వచ్చాడు. చెల్లెలు కిటికీ పక్కన కుర్చీలో ఉంది. రెండు చేతులతో పట్టుకున్నా దాని టీ గ్లాసు నిలవడం లేదు. సగం ఒళ్లోనే ఒలికింది. నేను తుడుస్తున్నాను.

"సూపర్‌వైజర్లందరి మీదా నన్నే పెట్టారు," అన్నాడు ఆయన గుమ్మంలో తల తుడుచుకుంటూ. "విడిగా గది ఇస్తున్నారు. ఆ రోజు నేను నిబ్బరంగా ఉన్నందుకేనట. ఇక నేను రోలర్ల దగ్గర నిలబడక్కర్లేదు."

చెల్లెలు తల తిప్పింది.

"బా... వా. ఇటు... రా."

ఆయన వచ్చి దాని ముందు వంగాడు. అది చెయ్యి ఎత్తింది. మొదటిసారి ఆ చెయ్యి గురితప్పి ఆయన చెంపకి తగిలింది. మళ్లీ ఎత్తింది. వేళ్లు తడుముకుంటూ పైకి వెళ్లి, చివరికి ఆయన చెవిని పట్టుకున్నాయి. పెదాలు ఒకటికి రెండుసార్లు కదిలాక మాట వచ్చింది.

"చల్లగా... ఉన్నాయి."

వెక్కిరింతో, బెంగో, రెండూనో, దాని గొంతులో ఇప్పుడు పోల్చుకోలేం. నేను ఆ చెవినే చూస్తున్నాను. ఎర్రబడాలి, ఇప్పుడైనా అంచులు రావాలి, ఈ ఇల్లు ఎగిరిపోయేలా అరవాలి, ఏడవాలి, బీపీ పెరిగినా పర్లేదు అని మొక్కుకుంటున్నట్టే చూశాను. ఆయన కనుకొలకుల్లో ఏదో కదిలింది. ఆ కదలిక నేను చూశాను. వంగిన మనిషి అలాగే పాదాలు నేలకి ఆనించి సర్దుకున్నాడు. దవడ వదులు చేశాడు. మెల్లగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు.

"ఆపండి!" అని అరిచాను. ఇల్లు దద్దరిల్లింది. అది ఆయన మాటే, ఆయన గొంతే, హాల్లోంచి నా గది నేల దాకా వచ్చేదే. "ఆపండి! ఆ ఊపిరి ఆపండి!"

ఆయన తల తిప్పి నావైపు చూశాడు. కోపం లేదు. నొచ్చుకోను కూడా లేదు. మెత్తగా, ఎంతో ఓపిగ్గా అన్నాడు.

"కంగారు పడకు. ముందు దవడ వదులు చెయ్యి."

చెల్లెలి వేళ్లు ఇంకా ఆయన చెవి మీదే ఉన్నాయి.